నేల మీద పోయిన నీళ్ళు

"మత్తుమందు కొంచెం ఎక్కువైంది, అంతే. ఆ ఒక్క మాట అను. ఇంకేం అడగడం లేదు నిన్ను," అన్నాడు బావగారు.

చిన్నకోడలు గ్లాసు కింద పెట్టింది.

"ఎక్కువ కాలేదు బావగారూ."

"అయిందా లేదా అని నేనడగలేదు. అనమన్నాను."

భోజనాల బల్ల చుట్టూ అయిదుగురున్నారు. మామగారి కుర్చీ ఖాళీ. ఆ కుర్చీ మనిషి కింది అంతస్తులో, తను కట్టించిన ఆసుపత్రిలో, తను కొన్న మంచం మీద, మూత్రపు గొట్టంతో పడుకుని ఉన్నాడు. ఇల్లు పైన, ఆసుపత్రి కింద, మధ్యలో మెట్లు. ఈ ఇంట్లో గొడవలు పైన మొదలై కిందికి దిగుతుంటాయి. నిన్నటిది కింద మొదలై పైకెక్కింది.

"అసలు ఆ పైపు మీద చెయ్యెందుకు వేశావమ్మా?" అంది అత్తగారు. "వాడు పెద్దవాడు. చెబితే ఆపేవాడు కదా."

"చెప్పాను అత్తయ్యా. ఒకసారి కాదు."

"రెండు నిమిషాలన్నాను నేను," అన్నాడు బావగారు.

"మీ రెండు నిమిషాల్లో నేను పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తాను," అంది ఆయన భార్య. నవ్వబోయి భర్త ముఖం చూసి, పెరుగు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎవరూ నవ్వలేదు. చిన్నకోడలి భర్త కంచం అంచు మీద వేలితో గీతలు గీస్తున్నాడు. ఆసుపత్రి ల్యాబు అతనిది. రక్తం, మూత్రం, చీము, ఏది అడిగినా చెబుతాడు. మనుషుల సంగతి అడిగితే ఇలా గీతలు గీస్తాడు.

"నా చేతిలో పనిముట్టు ఉంది," అన్నాడు బావగారు. గొంతు పెంచలేదు. ఆపరేషన్ గదిలోనూ ఆయన గొంతు పెంచడు. "లోపల రక్తం కారుతోంది. పెద్ద సిస్టరు చూస్తుండగా, అటెండరు చూస్తుండగా, ఈవిడ వచ్చి నీళ్ళ పైపు క్లిప్పు బిగించేసింది. నాకిక ఎరుపు తప్ప ఏం కనిపించలేదు. కళ్ళకు గంతలు కట్టి కత్తి చేతికిచ్చినట్టు."

"కనిపించలేదు కాబట్టే ఆగారు బావగారూ. కనిపించినంతసేపూ ఆగలేదు."

బావగారు లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"జనం మత్తుమందు తప్పును మర్చిపోతారు. ఎక్కువైంది, తగ్గింది, లేచి కూర్చున్నాడు అనుకుంటారు. సర్జన్ చెయ్యి తప్పిందంటే మాత్రం మర్చిపోరు. ఈ ఆపరేషన్ పేరు చెప్పుకునే ఈ నాలుగు గోడలూ నిలబడ్డాయి. నువ్వు తింటున్నదీ ఆ గోడల మధ్యే."

"మామయ్య తేరుకుంటున్నారు. ఆయన మెలకువగానే ఉన్నారు నిన్న. ఏం జరిగిందో ఆయన్నే చెప్పనివ్వండి."

"సరే," అన్నాడు బావగారు. "ఆయనే చెబుతారు."

ఆ ఒప్పుకోవడంలో తొందర ఆమెకు నచ్చలేదు.

*

నిన్న ఉదయం మామగారికి వెన్నులో మత్తు ఇచ్చింది ఆమే. నడుము కింది భాగం మొద్దుబారింది, పై భాగం ఎప్పటిలా ఉంది. నిద్రమందు ఇవ్వలేదు. మర్చిపోయి కాదు, కావాలనే ఇవ్వలేదు.

పెరిగిన ప్రోస్టేట్‌ను ఈ ఆసుపత్రిలో కరెంటు తీగతో లోపలినుంచి చెక్కుతారు. చెక్కినచోట రక్తం అడ్డు రాకుండా, పైన వేలాడదీసిన సంచుల నుంచి నీళ్ళు పారుతుంటాయి. ఉప్పు ఉంటే కరెంటు చెదిరిపోతుంది కాబట్టి అవి ఉప్పు లేని నీళ్ళు. తీగ కింద రక్తనాళాల నోళ్ళు తెరుచుకుంటాయి. పైనుంచి తోసుకొచ్చే నీళ్ళు ఆ నోళ్ళ గుండా రక్తంలోకి పోతాయి. కొంచెం పోతే ఒళ్ళు తట్టుకుంటుంది. ఎక్కువ పోతే రక్తంలో ఉప్పు పడిపోయి మెదడు ఉబ్బుతుంది. ఆ సంగతి అన్నిటికంటే ముందు బయటపెట్టేది రోగి మాటే. అందుకని రోగిని మాట్లాడించాలి.

ఆమె మాట్లాడించింది. మామగారు తన మొదటి స్కూటరు కథ ఎత్తుకున్నాడు. పెళ్ళిచూపులకు అదే స్కూటరు మీద వెళ్ళి, దారిలో పెట్రోలు అయిపోతే పెళ్ళికూతురి ఇంటి దాకా తోసుకుంటూ వెళ్ళిన కథ. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

కాసేపయ్యాక "సంచుల స్టాండు ఇంకొంచెం పైకెత్తండి, సరిగ్గా కనిపించడం లేదు," అన్నాడు బావగారు. పెద్ద సిస్టరు ఎత్తింది.

"ఎత్తు పెరిగితే తోపు పెరుగుతుంది బావగారూ," అంది ఆమె. "ఎన్ని సంచులు పోశాం? బకెట్లో ఎంతుంది?"

"మిగతాది నేల మీద పోయింది," అన్నాడు ఆయన.

ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ అదే. బయటికొచ్చిన నీళ్ళను బకెట్లోకి దించడానికి రోగి నడుము కింద రబ్బరు గుడ్డ వేస్తారు. సగం బకెట్లో పడుతుంది, సగం సర్జను బూట్ల మీద పడుతుంది. మామగారి హయాం నుంచీ అంతే. పోసినదానికీ వచ్చినదానికీ తేడా ఉంటే, అది నేల మీద పోయినట్టు. ఆయా తుడిచేస్తుంది. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఆ మాటను ఎవరూ కాదనలేదు. బకెట్ కిందా చుట్టూ ఇంకో తొట్టి పెట్టి అంతా కొలవాలని చిన్నకోడలు అడిగిన రోజు నుంచి ఆమెకు సిబ్బందిలో ఒక పేరొచ్చింది, బకెట్టమ్మ అని. ఆ పేరు ఆమె దాకా వచ్చింది. వచ్చినా అడగడం మానలేదు.

నిన్న మామగారు కథలో పెట్రోలు అయిపోయిన చోటికి వచ్చాడు. ఆవులించాడు. మళ్ళీ పెట్రోలు అయిపోయింది. మూడోసారి కూడా పెట్రోలు అయిపోయాక, "దీపాలెందుకు ఆర్పేశారు?" అన్నాడు.

దీపాలన్నీ వెలుగుతున్నాయి.

"బావగారూ, ఆపండి."

"రెండు నిమిషాలు."

"ఆపండి."

"రెండు నిమిషాలమ్మా, ఇటువైపు అయిపోతుంది."

అప్పుడు ఆమె లేచి క్లిప్పు బిగించింది.

*

ల్యాబులో భర్త మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు. ఆమె తలుపు మూసింది.

"మీ అన్నయ్య కొత్తగా ఇంకో మాట కూడా మొదలుపెట్టాడు. మామయ్య బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడుతున్నారట. అందుకని రక్తంలో ఉప్పు ముందునుంచే తక్కువట. విన్నారా?"

"విన్నాను."

"ఆపరేషన్‌కు ముందు రోజు రక్తం తీసి చూసింది ఎవరు?"

అతను తల ఎత్తలేదు.

"అడుగుతున్నది మిమ్మల్నే. ఎవరు?"

"నేనే."

"ఎలా ఉంది ఉప్పు?"

"బాగానే ఉంది."

"ఆ మాట బల్ల దగ్గర అనడానికి నోరు రాలేదా?"

"నాన్న ఎప్పుడూ ఆసుపత్రిలోనే ఉండేవాడు. నన్ను చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది అన్నయ్య. ఈత నేర్పింది అన్నయ్య. నీ తప్పని వాడి మొహం మీద ఎలా అనను?"

"తప్పు అనమని నేననలేదు. ఉప్పు బాగానే ఉందనండి. అంకె చెప్పండి చాలు."

"అంకె చెప్పినా అదే అర్థం వస్తుంది."

"అంటే మీకు అర్థమైంది," అంది ఆమె. "నాకు అదే కావాలి. అర్థం కాక ఊరుకున్నారేమోనని నిన్నటినుంచీ సర్ది చెప్పుకుంటున్నాను."

అతను కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడిచాడు. ఎంతసేపు తుడుస్తాడో చూద్దామని ఆమె నిలబడింది. తుడుస్తూనే ఉన్నాడు.

"ఒక్క మాటే కదా, అనేస్తే సరిపోతుంది కదా," అన్నాడు చివరికి. "వారం తిరిగేసరికి అందరూ మర్చిపోతారు."

"మీరు అనండి. 'నా పరీక్ష తప్పు' అని. అదీ ఒక్క మాటే."

అతను కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఆమె చూసింది, దానికింద గాజుపలక లేదు.

*

సాయంత్రానికి మామగారు లేచి కూర్చున్నాడు. తేదీ అడిగితే చెప్పాడు. భార్య పేరు అడిగితే, "ఆ పేరు మర్చిపోతే ఈ మంచం మీద ఇంకో ఆపరేషన్ జరుగుతుంది," అన్నాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మంచం పక్కన వేలాడే సంచిని ఆయన చేత్తో పైకెత్తి వెలుతురులో చూసుకున్నాడు.

"రంగు తేలుతోంది. పర్లేదు. గడ్డలు లేవు."

పెద్ద డాక్టరుకు తిరిగి మతి వచ్చిందని పెద్ద సిస్టరు వరండాలోకి వెళ్ళి చెప్పింది. అందరూ వచ్చారు. బావగారు మంచం కాళ్ళవైపు నిలబడ్డాడు. చిన్నకోడలు తల దగ్గర, నిన్న నిలబడ్డ చోటే నిలబడింది.

"నాన్నా, నిన్నటి సంగతి గుర్తుందా?" అన్నాడు బావగారు.

"గుర్తుంది."

"మరి ఏమైంది?"

పెద్దాయన కొడుకు వంక చూశాడు. కొడుకు చేతులు మంచం కడ్డీ మీద ఉన్నాయి. ఆ చేతుల వంక చూశాడు. పక్కనున్న కోడలి వంక చూడలేదు.

"మందు ఎక్కువైంది," అన్నాడు. "కళ్ళు మూతలు పడ్డాయి. తర్వాత ఏం తెలియలేదు."

పెద్ద సిస్టరు నేలచూపు చూసింది. అత్తగారు కోడలి భుజం మీద చెయ్యి వేసింది. క్షమించినట్టు వేసింది. ఆ చెయ్యి బరువు చిన్నకోడలికి ఎప్పుడూ తెలియనంతగా తెలిసింది.

"పోనీలే, ఎవరికైనా జరుగుతుంది. ఇంతటితో వదిలేద్దాం," అన్నాడు బావగారు. ఆయన ముందు నడిచాడు, మిగతావాళ్ళు వెనక నడిచారు. ఆమె భర్త తలుపు దగ్గర ఒక క్షణం ఆగాడు. తర్వాత అతనూ వెళ్ళాడు.

ఆమె తలుపు వేసి వచ్చింది.

"నిద్రమందు ఇవ్వలేదు మామయ్యా నేను."

"తెలుసు."

ఆయన అలా వెంటనే అంటాడని ఆమె అనుకోలేదు.

"దీపాలు తగ్గుతున్నప్పుడే తెలిసిపోయింది నాకు," అన్నాడు ఆయన. "నీళ్ళు ఎక్కుతున్నాయిరా, ఆపరా అని చెబుదామనుకున్నాను. మాట దొరకలేదు. స్కూటరు తప్ప ఇంకేం దొరకలేదు. నువ్వు ఆపండి అనడం విన్నాను. వాడు ఆపకపోవడం కూడా విన్నాను."

"మరి అందరి ముందూ..."

"వాడి చేతులు చూశావా?"

"చూశాను."

"వణుకుతున్నాయి. దాచుకోవడానికే కడ్డీ పట్టుకున్నాడు. కన్నతండ్రిని చంపబోయానని వాడి చెవిన పడిందంటే, ఆ చేతులు మళ్ళీ పనిముట్టు పట్టవు. నువ్వు గట్టిదానివి. తట్టుకుంటావు."

"తట్టుకుంటుంది కదా అని నా మీద వేశారా?"

"ఇల్లన్నాక అంతేనమ్మాయ్. మోయగలిగినవాళ్ళ మీదే పడుతుంది."

"నేను మోయను."

పెద్దాయన కళ్ళు చిట్లించాడు. ఆ ఇంట్లో ఆయనకు ఎదురుగా ఆ మాట అన్నవాళ్ళు తక్కువ.

"మీరు బతికారు. నాకు అది చాలు," అంది ఆమె. "పొగడమని అడగలేదు మిమ్మల్ని. నిజం చెప్పమని కూడా అడగలేదు, మీ అంతట మీరే చెబుతారనుకున్నాను. కానీ నేను ఇవ్వని మందును ఇచ్చానని నా నోటితో అనిపించలేరు. బావగారి వల్ల కాదు. మీ వల్ల కూడా కాదు."

"అనకు. ఊరుకో. నేనన్నాను కదా, సరిపోతుంది."

"ఊరుకుంటే రేపేం చేస్తారు?"

"రేపేముంది?"

"రేపు బస్సు డ్రైవరుకు ఆపరేషన్ ఉంది. ఇదే గ్రంథి, ఇదే బల్ల, ఇదే రబ్బరు గుడ్డ."

ఆయన దిండు సర్దుకున్నాడు. అవసరం లేకపోయినా సర్దుకున్నాడు.

"రేపటికి బయటినుంచి మత్తు డాక్టరు వస్తున్నాడు. నువ్వు నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో. పెద్దవాడూ నేనూ అనుకున్నాం."

"ఎప్పుడనుకున్నారు? మీకు తెలివొచ్చి పూట కాలేదు."

ఆయన చూపు తలుపు వైపు పోయింది. దాంతో ఆమెకు తెలిసింది. అందరూ రాకముందే బావగారు ఒంటరిగా వచ్చి వెళ్ళాడు. బల్ల దగ్గర ఆ 'సరే' అంత తొందరగా ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. తండ్రి కాదనడని ఆ కొడుక్కి తెలుసు.

"డ్రైవరుకు చెప్పారా, నిన్న మీకేమైందో?"

"ఇంటి మాట బయటికెందుకు?"

"ఇది ఇంటి మాట కాదు మామయ్యా. ఆపరేషన్ గది మాట."

ఆమె స్టెతస్కోపు మెడలో వేసుకుంది.

"ఎక్కడికి?"

"రేపటి రోగిని ముందు రోజు సాయంత్రం చూడడం నా పని. నన్ను పనిలోంచి తీసేశామని నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. విశ్రాంతి అన్నారు. అది నాకు అక్కర్లేదు."

"అమ్మాయ్," అన్నాడు పెద్దాయన. "ఆలోచించుకో. మళ్ళీ ఈ మెట్లెక్కి పైకి రావాలి నువ్వు."

"వస్తాను. నా ఇల్లు కూడా అదే."

*

వార్డులో చివరి మంచం బస్సు డ్రైవరుది. భార్య కమలాపండు తొనలు వలిచి చేతికిస్తోంది. చిన్నకోడలిని చూసి డ్రైవరు లేవబోయాడు.

"కూర్చోండి. ఎలా ఉంది?"

"ఏముంది డాక్టరమ్మా. జనం చెయ్యెత్తినచోటల్లా బస్సు ఆపేవాణ్ణి. ఇప్పుడు చెట్టు కనిపించినచోటల్లా ఆపుతున్నాను. కండక్టరు కొత్త స్టాపుల పట్టీ రాస్తానంటున్నాడు."

భార్య అతని మోకాలి మీద కొట్టింది. "సిగ్గు లేకపోతే సరి. ఆడమనిషి ముందు ఆ మాటలా?"

"డాక్టరు దగ్గర ఆడేమిటి, మగేమిటి?"

చిన్నకోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. నాడి చూసింది, గుండె చప్పుడు విన్నది, వెన్ను వంచమని వేలితో ఎముకలు తడిమింది. ఆమె చేతులు వెన్ను మీద ఉండగానే డ్రైవరు భార్య గొంతు సవరించుకుంది.

"ఏమనుకోవద్దమ్మా. పెద్ద డాక్టరుగారికి మీ మందు ఎక్కువై మతి చెదిరిందటగా. వార్డంతా అనుకుంటున్నారు. అందుకే రేపు వేరే డాక్టరుగారు వస్తున్నారట."

"ఎవరు చెప్పారు?"

"ఆపరేషన్ చేసే బాబుగారే చెప్పారు. మంచి మాట చెప్పారు. వెన్నులో సూదీ గీదీ ఏం వద్దు, పూర్తిగా నిద్రపుచ్చేస్తాం, మొదలైనట్టూ తెలియదు, అయిపోయినట్టూ తెలియదు అన్నారు. ఈయనకు అసలే వాగుడెక్కువ. మాట్లాడకుండా పడుకుంటే ఆ బాబుగారికీ పని సుళువు."

చిన్నకోడలు చేతులు వెనక్కి తీసుకుంది.

ఇప్పటిదాకా ఆమె తన పేరు గురించే కొట్లాడుతున్నానని అనుకుంది. ఆ అబద్ధం తన మీద నుంచి దిగి, నడిచి, ఇంత దూరం వచ్చేసింది. మందు ఎక్కువైందని నమ్మిన మనిషి కొత్త మందు అడుగుతాడు. నిద్రలో ఉన్న మనిషి దీపాలు ఆరాయని చెప్పడు.

"నిన్న పెద్దాయనకు మందు ఎక్కువ కాలేదు," అంది ఆమె. "నీళ్ళు ఎక్కువయ్యాయి."

"నీళ్ళా?" అన్నాడు డ్రైవరు.

ఆమె చెప్పింది. లోపల చెక్కడం, పైనుంచి నీళ్ళు పారడం, రక్తనాళాల నోళ్ళు తెరుచుకోవడం, మెదడు ఉబ్బడం. స్టాండు పైకెత్తారని చెప్పింది. పోసినదానికీ వచ్చినదానికీ లెక్క చూడలేదని చెప్పింది. ఆపమన్నా ఆపలేదని చెప్పింది. బావగారి ముందు ఎలా చెప్పిందో అలాగే, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది.

"ఆపరేషన్ మంచిదే. మీకు అవసరం కూడా. ఇలా కావడం అరుదు. అయినా గమనిస్తూ ఉంటే పట్టుకోవచ్చు. నిద్రలో ఉన్నా గుండె చూసి పట్టుకుంటారు, కానీ ఆలస్యంగా. మెలకువగా ఉంటే మీ మాటే ముందు చెబుతుంది. కాబట్టి మెలకువగా ఉంచమనండి. పోసిన నీళ్ళూ బయటికొచ్చిన నీళ్ళూ కొలవమనండి. తేడా నేల మీద పోయిందంటే ఒప్పుకోకండి."

డ్రైవరు చేతిలో కమలాతొన అలాగే ఉంది. నవ్వు పోయింది.

"ఇదంతా నాకెందుకు చెప్పారమ్మా?" అన్నాడు. కోపంగానే అన్నాడు. "తెలియకపోతే హాయిగా వెళ్ళి పడుకునేవాణ్ణి. ఇప్పుడు నేనెలా ఎక్కేది ఆ బల్ల?"

"బ్రేకు పట్టడం లేదని తెలిసి మీకు చెప్పకుండా బస్సు ఇస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోను."

"నేను కూడా."

వార్డు తలుపు దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. పక్క మంచాల మీద మాటలు ఆగాయి. ఆమె తిరిగి చూడనవసరం లేకపోయింది. డ్రైవరు భార్య లేచి నిలబడి కొంగు సర్దుకున్న తీరు చూస్తే తెలుస్తూనే ఉంది.

"పైకి రా," అన్నాడు బావగారు. "మాట్లాడాలి."

"నా పని ఇంకా కాలేదు బావగారూ."

"పైకి రా అన్నాను."

ఆమె స్టూలు మీద నుంచి లేవలేదు. బావగారు రెండడుగులు లోపలికి వేశాడు. ఆయన చేతులు కోటు జేబుల్లో ఉన్నాయి.

"డాక్టరుగారూ," అన్నాడు బస్సు డ్రైవరు. తొనను పళ్ళెంలో పెట్టేశాడు. "నిన్న పెద్దాయనకు మందు ఎక్కువైందా, నీళ్ళు ఎక్కువయ్యాయా?"

వార్డులో మంచాలన్నీ ఇటు తిరిగి ఉన్నాయి. బావగారు డ్రైవరు వంక చూడలేదు. మరదలి వంక చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. నిన్న క్లిప్పు బిగించాక, పనిముట్టు పట్టుకుని, ఎరుపు తప్ప ఏమీ కనిపించక ఆయన తలెత్తి చూసిన చూపు అదే. 'ఆ ఒక్క మాట అను' అంటోంది ఆ చూపు.

"ఆయన మిమ్మల్ని అడుగుతున్నాడు బావగారూ," అంది చిన్నకోడలు.